వెయ్యి మందికి ఒకే నోటీసు: పంపితే చాలదు, పంపినట్టు రుజువుండాలి

"నాకు నోటీసు రాలేదు." తెలుగు సంఘాల సర్వసభ్య సమావేశాల్లో తరచూ వినిపించే మాట ఇది. సమావేశం మామూలుగా ముగిస్తే ఎవరూ పట్టించుకోరు. అదే సమావేశంలో కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకున్నా, కల్యాణ మండపం లీజుకిచ్చినా, తాతల కాలంలో కొన్న స్థలం అమ్మాలని తీర్మానించినా ఆ మాట రిజిస్ట్రార్ కార్యాలయం దాకా, అక్కడినుంచి కోర్టు దాకా వెళ్తుంది. అప్పుడు కార్యదర్శిని అడిగే మొదటి ప్రశ్న "ఎవరెవరికి, ఎప్పుడు, ఏ దారిలో పంపారు? రుజువేది?" అన్నదే.

ఒకప్పుడు నలభై ఇళ్లకు మనిషిని పంపి పుస్తకంలో సంతకం పెట్టించుకుంటే సరిపోయేది. ఇప్పుడు సోలాపూర్ సంఘంలో సభ్యుడి కొడుకు పుణెలో ఉంటాడు, బరంపురం సభ్యురాలు విశాఖలో కూతురి దగ్గర ఉంటుంది, హోసూరు సభ్యుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. అందుకే కంపెనీలు, బ్యాంకులు, అపార్టుమెంటు సొసైటీలు వాడే కంప్లయన్స్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చిన్న సంఘాల దాకా వచ్చింది. అది చేసేదేమిటి, చేయలేనిదేమిటి, నోటీసు పంపేవారూ అందుకునేవారూ చూసుకోవలసిందేమిటి అన్నదే ఈ వ్యాసం.

సాఫ్ట్‌వేర్ చేసే పని

కంప్లయన్స్ అంటే చట్టం, బైలాలు చెప్పిన పనిని చెప్పిన గడువులో చేసి, చేసినట్టు రికార్డు ఉంచుకోవడం. నోటీసుల విషయంలో ఈ సాఫ్ట్‌వేర్ పని అయిదు మెట్లలో సాగుతుంది.

మొదట నోటీసు నమూనా ఒకటి తయారుచేస్తారు. అందులో పేరు, సభ్యత్వ సంఖ్య, చందా బకాయి లాంటి చోట్ల ఖాళీలు ఉంటాయి. రెండో మెట్టులో సభ్యుల జాబితాను ఎక్సెల్ ఫైలుగా ఎక్కిస్తారు. ఒక్కో వరుస నుంచి వివరాలు తీసుకుని సాఫ్ట్‌వేరే ఖాళీలు నింపి, ఎవరి నోటీసు వారికి తయారుచేస్తుంది. మూడో మెట్టు ఆమోదం. ఒకరు సిద్ధం చేసింది ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే ముందుకు కదులుతుంది. నాలుగోది పంపడం: ఈమెయిలు, ఎస్సెమ్మెస్, లేదా పోస్టులో వేయడానికి ముద్రణ. చివరిది నివేదిక: ఎంతమందికి వెళ్లింది, ఎవరిది తిరిగొచ్చింది, ఎవరికి మళ్లీ పంపారు.

ఇందులో మూడో మెట్టును సంఘాలు తేలిగ్గా తీసుకుంటాయి. జాబితాలో ఒక గడి జారితే ఒకరి బకాయి ఇంకొకరి పేరుమీద పడుతుంది, అదీ ఒకేసారి వెయ్యి మందికి. పంపాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి ముందుగా కార్యవర్గంలోని అయిదుగురికి పరీక్షగా పంపాలి. వారు తమ పేరు, సంఖ్య, తేదీ సరిచూశాకే మిగతావారికి వదలాలి.

ముందు జాబితా సరిచేయాలి

ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా తప్పు చిరునామాకు తప్పకుండా తప్పుగానే పంపుతుంది. రాష్ట్రాలు దాటి స్థిరపడిన తెలుగువారి జాబితాల్లో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అదే పేర్లు.

ఆంధ్ర పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్ అవుతుంది, ఇంటిపేరు కాగితాల్లోంచి మాయమవుతుంది. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుసలో రాస్తారు. దానికి తోడు ఒకే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఫలితంగా ఒకే మనిషి జాబితాలో మూడుసార్లు కనిపిస్తాడు, లేదా ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకరే అనుకుని సాఫ్ట్‌వేర్ ఒకరిని తీసేస్తుంది. దీనికి మందు ఒకటే: పేరుతో కాక సభ్యత్వ సంఖ్యతో గుర్తించడం. సంఖ్యలు లేని సంఘం ముందు పాత రిజిస్టరు వరుసలోనే అందరికీ సంఖ్యలు వేయాలి.

ఇంకో మూడు పనులున్నాయి. చనిపోయిన సభ్యుల విషయంలో బైలాలు ఏం చెబుతున్నాయో చూడాలి. పేరు తొలగించాలా, వారసుడికి నోటీసు ఇవ్వాలా అన్నది అక్కడే ఉంటుంది. చందా బకాయి ఉన్నవారికి ఓటు ఉండకపోవచ్చు గానీ నోటీసు హక్కు ఉందో లేదో విడిగా చూడాలి. ఇక మారిన ఫోన్ నంబర్లు, చిరునామాల కోసం ఏడాదికి ఒకసారైనా సభ్యులందరినీ అడగాలి, అడిగినట్టు రికార్డు ఉంచాలి.

ఏ చట్టం, ఎన్ని రోజులు

అన్ని సంఘాలకూ ఒకే చట్టం వర్తించదు. తమిళనాడులో సంఘాలకు 1975 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, కర్ణాటకలో 1960 నాటి చట్టం ఉన్నాయి. ఒడిశా, మహారాష్ట్రల్లో 1860 నాటి కేంద్ర చట్టమే ఆయా రాష్ట్రాల సవరణలతో నడుస్తోంది. మహారాష్ట్రలో ట్రస్టుల చట్టం కూడా తోడవుతుంది. గృహనిర్మాణ సహకార సొసైటీలది మళ్లీ వేరే దారి: మహారాష్ట్ర నమూనా బైలాల ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశానికి 14 పూర్తి రోజుల నోటీసు కావాలి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో తయారుగా ఉన్న నమూనాను యథాతథంగా వాడకూడదు. అది ఎక్కువగా కంపెనీల కోసం రాసినదై ఉంటుంది. మీ చట్టం, మీ బైలాలు చెప్పిన గడువును అందులో మీరే నమోదు చేయాలి.

ఇక్కడ "పూర్తి రోజులు" అన్న మాట దగ్గర చాలామంది పొరబడతారు. నోటీసు పంపిన రోజు, సమావేశం జరిగే రోజు రెండూ లెక్కలోకి రావు. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 101 ప్రకారం సర్వసభ్య సమావేశానికి 21 పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలి. సమావేశం ఆగస్టు 30న అనుకుందాం. ఆగస్టు 9 నుంచి 29 దాకా లెక్కిస్తే 21 రోజులు. అంటే ఈమెయిలు ఆగస్టు 8 లోపే వెళ్లాలి. 9న పంపితే ఒక రోజు తక్కువైనట్టే. పోస్టులోనో కొరియర్‌లోనో పంపితే, కంపెనీ సెక్రటరీల ప్రమాణాల ప్రకారం అందడానికి ఇంకో రెండు రోజులు కలపాలి, అంటే ఆగస్టు 6 లోపు. ఇదే లెక్కలో 14 పూర్తి రోజులు కావాల్సిన సొసైటీ ఆగస్టు 15 లోపు పంపాలి. సాఫ్ట్‌వేర్‌కు ఈ లెక్క చేతనవును గానీ, గడువును పూర్తి రోజుల్లో లెక్కించమని దానికి చెప్పాల్సింది మనమే.

మరో ముఖ్యమైన సంగతి. బైలాల్లో "తపాలా ద్వారా నోటీసు పంపాలి" అని ఉంటే, ఈమెయిలు ఒక్కటీ పంపి ఊరుకోవడం ప్రమాదం. ముందు బైలాలను పద్ధతి ప్రకారం సవరించి, ఈమెయిలు నోటీసు చెల్లుతుందని చేర్చుకోవాలి. అప్పటిదాకా పోస్టు, ఈమెయిలు రెండూ పంపడం క్షేమం.

ఏ దారిలో పంపాలి

పోస్టు: 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 ప్రకారం, కేంద్ర చట్టం తపాలా ద్వారా పంపమన్నప్పుడు, సరైన చిరునామా రాసి, రుసుము కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కాగితం మామూలుగా అందే సమయానికి అందినట్టే లెక్క, అందలేదని రుజువైతే తప్ప. ఇక్కడ కీలకం సరైన చిరునామా. 2025 సెప్టెంబరు 1 నుంచి తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడు స్పీడ్ పోస్టు మీద అదనపు సేవగా రిజిస్ట్రేషన్ అడిగి తీసుకోవాలి. రసీదులన్నీ సభ్యత్వ సంఖ్యల వరుసలో స్కాన్ చేసి ఉంచండి.

ఈమెయిలు: ఖర్చు తక్కువ, రుజువు ఎక్కువ. కానీ ఉచిత జీమెయిలు ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేరు. జాబితా అంతకన్నా పెద్దదైతే రెండు మూడు రోజులు పడుతుంది, గడువు లెక్కలో దాన్ని ముందే కలుపుకోవాలి. అందరి చిరునామాలూ ఒకే వరుసలో పెట్టి పంపితే ప్రతి సభ్యుడి ఈమెయిలు మిగతావారందరి చేతికీ వెళ్తుంది. విడివిడిగా పంపే పద్ధతినే వాడాలి.

ఎస్సెమ్మెస్: ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఒకేసారి పెద్ద సంఖ్యలో సందేశాలు పంపే సంస్థ టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి. పంపేవారి పేరుగా కనిపించే హెడర్‌నూ, సందేశం నమూనానూ ముందే ఆమోదింపజేసుకోవాలి. దీనికి సమయం పడుతుంది కాబట్టి సమావేశం దగ్గరపడ్డాక మొదలుపెడితే కుదరదు.

తెలుగులో ఎస్సెమ్మెస్ పంపేవారు ఖర్చు లెక్క తెలుసుకోవాలి. ఇంగ్లీషు సందేశం ఒక్కోటి 160 అక్షరాలు పడుతుంది. తెలుగు యూనికోడ్ సందేశంలో పట్టేది 70 మాత్రమే. పైగా గుణింతం, ఒత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "తెలుగు" కంటికి మూడక్షరాలే, ఫోనుకు ఆరు. "సర్వసభ్య సమావేశం" కంటికి ఎనిమిది, ఫోనుకు మధ్య ఖాళీతో కలిపి పదహారు. సందేశం 70 దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 మాత్రమే. అంటే 180 యూనిట్ల తెలుగు సందేశానికి మూడు ఎస్సెమ్మెస్‌ల డబ్బు, 1,200 మందికి 3,600 ఎస్సెమ్మెస్‌ల డబ్బు. అందుకని తెలుగు మానేయనక్కర్లేదు. తేదీ, సమయం, చోటు, పూర్తి నోటీసు లింకు మాత్రమే ఉంచి పొట్టిగా రాస్తే చాలు.

వాట్సాప్: గుర్తుచేయడానికి మంచిది, చట్టపరమైన నోటీసుగా ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. పైగా మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. సంఘం నంబరును దాచుకోని సభ్యుడికి రాదు, రాలేదని మీకూ తెలియదు.

ఏ భాషలో, ఏ లిపిలో

మనవాళ్లలో ఈ ప్రశ్నకు జవాబు ఇంటింటికీ మారుతుంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేని తరం అక్కడ ఉంది. కోలారు, బళ్లారి వైపు కన్నడ లిపి, సోలాపూర్, భివండీ వైపు మరాఠీ ముందు వచ్చినవారున్నారు. అదే ఇంట్లో తెలుగు తప్ప ఇంకేదీ చదవలేని పెద్దావిడ కూడా సభ్యురాలై ఉండవచ్చు. యానాంలో తెలుగులో పాలనా వ్యవహారాలు నడుస్తాయి కాబట్టి అక్కడ ఈ చిక్కు తక్కువ.

కాబట్టి జాబితాలో "చదవగల భాష" అని ఒక గడి చేర్చండి. నోటీసు తెలుగులోనూ రాష్ట్ర భాషలోనూ రెండు నమూనాలుగా తయారుచేస్తే, ఎవరికి ఏది వెళ్లాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. రెండు భాషల్లో తేదీ, తీర్మానం పాఠం ఒకటేనా అని ఇద్దరు కలిసి చదివి సరిచూడాలి. వాటి మధ్య తేడా వస్తే ఏ భాష పాఠం చెల్లుతుందో నోటీసులోనే రాయాలి.

పాత డీటీపీ పద్ధతిలో అను ఫాంట్లతో టైపు చేసిన నోటీసును అలాగే ఈమెయిల్లో అతికిస్తే, ఆ ఫాంట్లు లేనివారికి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేయాలి, లేదా పీడీఎఫ్‌గా మార్చి జతచేయాలి.

ప్రభుత్వం పంపే నోటీసుల విషయంలోనూ మనకొక రక్షణ ఉంది. ఒక జిల్లా, తాలూకా లేదా మునిసిపాలిటీలో అల్పసంఖ్యాక భాషవారు 15 శాతం, అంతకు మించి ఉంటే ముఖ్యమైన నియమాలు, నోటీసులు ఆ భాషలో కూడా ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణల్లో ఒకటి. ఇవి సరిగా అమలవుతున్నాయో లేదో చూడడానికి రాజ్యాంగం 350-బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవి 1957 నుంచి ఉంది. సాఫ్ట్‌వేర్‌తో నోటీసులు తయారయ్యే ఈ రోజుల్లో రెండో భాష చేర్చడం పెద్ద భారమేమీ కాదని మన సంఘాలు అధికారులకు గట్టిగానే చెప్పవచ్చు. అయితే ముందు మన నోటీసుల్లో ఆ పని చేసి చూపించాలి.

రుజువు ఎలా ఉండాలి

కంపెనీల (నిర్వహణ, పరిపాలన) నియమాలు 2014లోని 18వ నియమం ఈ విషయంలో మంచి కొలమానం. అది కంపెనీలకు రాసినదే అయినా ఏ సంఘమైనా దాన్ని ఆదర్శంగా పెట్టుకోవచ్చు. దాని ప్రకారం ఈమెయిలు శీర్షికలో సంస్థ పేరు, ఏ సమావేశం, ఎక్కడ, ఏ తేదీ అన్నవి ఉండాలి. జతచేసిన ఫైలు మార్చడానికి వీల్లేని రూపంలో ఉండాలి. మొత్తం ఎంతమందికి పంపారో, ఒక్కొక్కరికి పంపిన రికార్డుతో సహా చూపే వ్యవస్థను వాడాలి. చేరకుండా తిరిగొచ్చినవి, తిరిగి పంపినవి కూడా "పంపినట్టు రుజువు"గా భద్రపరచాలి. ఇవన్నీ చేశాక, తమ చేతిలో లేని కారణంతో మెయిలు చేరకపోతే కంపెనీది తప్పు కాదు. సభ్యుడే తన ఈమెయిలు ఇవ్వకపోయినా, మార్చి చెప్పకపోయినా కూడా అంతే.

పొరపాటున ఒకరికి నోటీసు వెళ్లకపోయినంత మాత్రాన సమావేశం చెల్లకుండా పోదని సెక్షన్ 101 చెబుతుంది. ఆ రక్షణ పొరపాటుకే. ఎదుటి వర్గం వారి పేర్లు కావాలని తీసేయడం పొరపాటు కిందకు రాదు. మంచి సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ పేరు ఎప్పుడు తీశారో తేదీ, గంటతో సహా నమోదవుతుంది. నిజాయితీగా పంపిన కార్యదర్శిని కాపాడేదీ, అలా చేయనివారిని పట్టించేదీ ఆ నమోదే.

వివాదం కోర్టుకు వెళ్తే కంప్యూటర్ నివేదిక ముద్రించి ఇస్తే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందుకే పంపిన రోజునే నివేదికను దించుకుని కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గరా ఉంచుకోవడం మంచిది. చందా కట్టడం ఆపేస్తే సాఫ్ట్‌వేర్ ఖాతా మూతపడుతుంది, దాంతో పాటు రికార్డూ పోతుంది.

సభ్యుల వివరాలు సంఘం సొత్తు కాదు

జాబితాలో ఫోన్లు, చిరునామాలు, వయసు, ఒక్కోసారి ఆధార్ నంబరు కూడా ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంఘాలకూ వర్తిస్తుంది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వచ్చేలా వాటిలో రాశారు. సమ్మతి అడిగేటప్పుడు ఏ వివరాలు, ఎందుకు తీసుకుంటున్నారో నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఒకటి. చెన్నైలోనో ముంబైలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న తెలుగువారు కూడా బ్యాంకునో యాప్‌నో ఈ నోటీసు తెలుగులో అడగగలరు. ఈ హక్కుకు ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదానితో పని లేదు. వివరాలు బయటికి పొక్కితే ప్రతి బాధితుడికీ తెలియజేయాలి. అలా చెప్పకపోతే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

చిన్న సంఘానికి దీని అర్థం సులువు. అవసరం లేని వివరాలు అడగకండి. ఆధార్ నకళ్లు జాబితాలో ఉంచకండి. జాబితాను వాట్సాప్ గుంపులో పెట్టకండి. సమావేశం కోసం ఇచ్చిన నంబరును ఎవరి వ్యాపార ప్రచారానికీ ఇవ్వకండి.

నోటీసు అందుకునేవారికి

ఇదే సాఫ్ట్‌వేర్ పద్ధతిలో పన్ను శాఖలు, బ్యాంకులు, సొసైటీలు మనకూ నోటీసులు పంపుతాయి. వాటి వేషంలో మోసగాళ్లూ పంపుతారు. ఆదాయపు పన్ను శాఖ 2019 అక్టోబరు 1 నుంచి తన నోటీసుల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య వేస్తోంది. ఆ సంఖ్యను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో కొట్టి నోటీసు నిజమైనదో కాదో చూసుకోవచ్చు. ఎస్సెమ్మెస్ అయితే పంపినవారి పేరు చివర చూడండి: ప్రభుత్వ సందేశమైతే జి, సేవా సందేశమైతే ఎస్, లావాదేవీలకు టి, ప్రచారానికి పి అక్షరం ఉంటుంది. పది అంకెల మామూలు నంబరు నుంచి "పన్ను నోటీసు" అంటూ లింకు వస్తే నొక్కకండి.

సంఘం నోటీసు విషయంలో సభ్యులుగా మనకూ బాధ్యత ఉంది. ఇల్లు మారినా నంబరు మారినా రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పిన కాగితం నకలు ఉంచుకోవాలి. నోటీసు వచ్చాక తేదీ ఒక్కటే కాదు, అజెండా చదవాలి. స్థలం, భవనం, బైలాల సవరణ అన్న మాటలు కనిపిస్తే సమావేశానికి తప్పక వెళ్లాలి.

వచ్చే వార్షిక సమావేశానికి ఇంకా సమయం ఉందనుకునే సంఘాలు ఈ నెలలోనే మూడు పనులు మొదలుపెట్టవచ్చు: బైలాల్లో నోటీసు గురించి రాసిన పేరా చదవడం, సభ్యులకు సంఖ్యలు వేయడం, జాబితాలో భాష గడి చేర్చడం. ఈ మూడింటికీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం, రెండు ఆదివారాలు చాలు. వీటి తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా డబ్బు వృథా కాదు. వీటికి ముందే కొంటే మాత్రం పాత తప్పుల జాబితానే వేగంగా పంపుకున్నట్టవుతుంది.